ఎమ్ దాకా చదివిన దుబాసి

ఆస్ట్రేలియాకూ మా ఓబులేసు మామకూ మధ్య యుద్ధం తెచ్చిపెట్టిన ఘనత నాది. చరిత్ర పుస్తకాల్లో ఈ సంగతి రాయలేదు గానీ, వజ్రకరూరు పక్కన మా ఊళ్లో ఎవరినైనా అడిగి చూడండి, పనులు మానుకుని మరీ కూర్చోబెట్టి చెప్తారు. వాళ్లు చెప్పేలోపు నేనే చెప్పేస్తే కాస్త పరువు దక్కుతుందని ఈ ప్రయత్నం. చదివాక మీకు నా మీద జాలి కలిగితే అది మీ మంచితనం. మా అత్తకు మాత్రం ఈ రోజుకీ కలగలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. డిగ్రీ పాసై ఊళ్లో ఖాళీగా తిరుగుతున్నాను. ఖాళీగా అంటే మరీ ఖాళీగా కాదు, ఇంగ్లీషు జాతీయాలు బట్టీ పడుతున్నాను. అనంతపురంలో పాత పుస్తకాల బండి మీద ఒక లావుపాటి పుస్తకం దొరికింది. ఇంగ్లీషువాళ్లు వాడే జాతీయాలు, జంట క్రియలు అన్నీ అక్షర క్రమంలో, పక్కనే తెలుగు అర్థంతో ఉన్నాయి. ఒకే ఒక్క లోపం. పుస్తకం 'ఏ' అక్షరం దగ్గర మొదలై ఎమ్ దగ్గర ఆగిపోయింది. మిగతా సగం నాకంటే ముందు బోండాల అంగడివాడికి దొరికిందట. నూనె కారుతున్న బోండాలతో పాటు ఎన్ నుంచి జెడ్ దాకా ఇంగ్లీషంతా అనంతపురం జనం చేతుల్లోకి వెళ్లిపోయింది.

'సగం వస్తే చాలదా?' అనుకున్నాను. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమంటారు గదా, ఇంగ్లీషే లేని ఊళ్లో ఎమ్ దాకా వచ్చినవాడు మహా పండితుడు కాడా? అయ్యాను. బస్సు ఆలస్యమైతే ఒక జాతీయం, చారు మాడితే ఒక జాతీయం వదిలేవాణ్ని. మా నాయన మాత్రం, "ఈనికి గాలి సోకినట్టుండాది" అని ఊరుకునేవాడు.

మా వైపు తొలకరి పడగానే జనం చేలల్లో నడుములు వంచి, నేలను చూస్తూ నడుస్తారని మీరు వినే ఉంటారు. వానకు మట్టి కొట్టుకుపోతే రాయి తేలుతుందని, ఆ రాళ్లలో ఒకటి వజ్రమవుతుందని ఆశ. అలాంటి ఆశతోనే, కాస్త పెద్ద జీపులో, ఒక విదేశీ కంపెనీ వచ్చి ఊరి బయట గుట్ట కింద గుడారాలు వేసింది. దాని పెద్ద ఆస్ట్రేలియా నుంచి వచ్చిన గ్రెగరీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు. ఎర్రగా కాలిన మొహం, నెమ్మదైన మనిషి. ఊరివాళ్లకు ఆ పేరు నోరు తిరగక గిరియప్ప దొర అని పెట్టుకున్నారు. ఆయన దగ్గర దుబాసిగా ఉన్నతను అక్క పెళ్లికని పోయి మళ్లీ రాలేదు. ఆ ఖాళీలోకి నేను దూరాను.

పరీక్ష చాలా సులువుగా అయిపోయింది. "ఎప్పటి నుంచి పనిలోకి రాగలవు?" అని దొర ఇంగ్లీషులో అడిగాడు. "ఎట్ ది డ్రాప్ ఆఫ్ ఎ హ్యాట్, సర్!" అన్నాను, టోపీ కింద పడేలోపే వచ్చేస్తానని. 'ఏ' అక్షరం, మొదటి పేజీలు. ఆయన కళ్లు పెద్దవి చేసి నా చేయి పట్టుకుని ఊపాడు. పాపం, ఆయనకేం తెలుసు, నా టోపీ ఎమ్ దాకానే పడుతుందని.

కొన్నాళ్లు బాగానే గడిచింది. నీళ్ల బిందె ఎక్కడ పెట్టాలి, పాలు ఎవరింట్లో దొరుకుతాయి, ఇలాంటి వాటికి జాతీయాలు అక్కర్లేదు. ఆ తర్వాత వచ్చింది మా మామ చేను.

ఓబులేసు మామ మా అమ్మ తమ్ముడు. మాట తక్కువ, కోపం ఎక్కువ. వరసగా రెండేళ్లు వేసిన వేరుశనగ వేసినట్టే ఎండిపోయింది. ఆ ఏడు వాన కనికరించింది. పదును ఆరకముందే విత్తాడు. విత్తనం కొన్నది కాదు, ఇంట్లో దాచినది. మా తిమ్మక్క అత్త ఆ కాయల మూట అటక మీద పెట్టి, పిల్లలు ఏడ్చినా ఒక్క గింజ వేయించి పెట్టలేదు. ఇప్పుడు చేనంతా మొలక లేచి, నేల మీద పచ్చగా సాళ్లు కనిపిస్తున్నాయి. మామ పొద్దునా సాయంత్రం గట్టు మీద కూర్చుని ఆ సాళ్లనే చూసేవాడు. ఆ ఏడు ఆ ఇంటికి అదే తిండి, అదే బట్ట, అదే ధైర్యం. సరిగ్గా ఆ చేను కిందే మంచి రాయి ఉండొచ్చని గిరియప్ప దొర లెక్కలు చెప్పాయి.

బడి వరండాలో కూర్చున్నాం. ఒక వైపు దొర, ఒక వైపు మామా అత్తా, మధ్యలో నేను. చుట్టూ ఊరు. గొర్రెల సుంకన్న అందరికంటే ముందు గొంతుక్కూర్చున్నాడు. దొర మామ వైపు చూసి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఒక మాట అన్నాడు. అందులో "పుట్ ఆఫ్" అని ఉంది, "డిగ్గింగ్" అని ఉంది, "పుల్ అప్" అని ఉంది, "పీనట్స్" అని ఉంది.

మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. మీరు వేరుశనగ పీకి ఇంటికి తెచ్చుకునేదాకా మేము తవ్వకం వాయిదా వేస్తాం అన్నాడాయన. బంగారం లాంటి మాట. కానీ పుట్ ఆఫ్ కూ, పుల్ అప్ కూ మొదటి అక్షరం ఏమిటి? పీ! నేను ఎమ్ దగ్గర నిలబడి ఉన్నాను. నాకూ ఆ మాటకూ మధ్య రెండు అక్షరాలూ ఒక బోండాల అంగడీ ఉన్నాయి.

"ఏమంటాడప్పా?" అన్నాడు మామ.

ఇక్కడ నేను చేయాల్సిన పని ఒక్కటే. దొర వైపు తిరిగి "అంటే ఏంటి సార్?" అని అడగాలి. అడగలేదు. ఊరంతా చూస్తోంటే దుబాసి అర్థం అడగడమా? పెళ్లిలో పురోహితుడు మంత్రం మర్చిపోయి పెళ్లికొడుకును అడిగినట్టుండదూ? తెలిసిన ముక్కలు ఏరుకున్నాను. పుట్ అంటే పెట్టడం. డిగ్గింగ్ అంటే తవ్వడం. పుల్ అంటే పీకడం. పీనట్స్ అంటే వేరుశనగ. మధ్యలో మిగిలిన చిన్న చిన్న మాటలను, పెద్దలు మాట్లాడేటప్పుడు పిల్లల్ని పక్కకు నెట్టినట్టు నెట్టేశాను.

"తవ్వకం పెడతారంట మామా. చెనిక్కాయ పీకుతారంట."

అత్త చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ గొంతు పెద్దది చేయలేదు, అదే నాకు భయమేసింది.

"ఆయప్పకు చెప్పు. నా పీనుగ మీద తవ్వుకోమను."

దీన్ని ఉన్నదున్నట్టు చెప్తే దొర భయపడతాడు, నా ఉద్యోగం పోతుంది. పైగా పీనుగు నా పుస్తకంలో ఏ అక్షరం కిందా లేదు. కాస్త మెత్తగా మార్చాను. "సర్, దిస్ ల్యాండ్ ఈజ్ ది ఆపిల్ ఆఫ్ హిస్ ఐ." ఈ చేను మా మామకు కంటిపాప అని.

దొర మొహం కరిగిపోయింది. ఎంతో మర్యాదగా ఇంకేదో అడిగాడు. బేస్తవారం వచ్చి "పెగ్ ఔట్" చేసుకుంటాం, ఆయనకు సమ్మతమే గదా అని. చేను నాలుగు మూలలా గట్టు మీద మేకులు పాతి గుర్తు పెట్టుకుంటామన్నమాట. మళ్లీ పీ. నేను "యెస్ సర్, యెస్, యెస్" అని, నాకు అందిన ఒక్క ముక్క, బేస్తవారం వస్తారని, మామకు చెప్పాను.

ఆ యెస్ గురించి కొంచెం చెప్పాలి. మా వైపు ఎవరైనా మాట్లాడుతుంటే మధ్య మధ్య ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టకపోతే చెప్పేవాడు ఆగి, "ఇంటాండావా, నిద్రపోయినావా?" అంటాడు. ఊఁ అంటే ఒప్పుకున్నట్టు కాదు, చెవి ఇటే ఉందని మర్యాద. నేను ఆ ఊఁ ని ఇంగ్లీషులోకి మార్చి యెస్ అంటున్నాను. ఆస్ట్రేలియాలో యెస్ అంటే ఒప్పుకున్నట్టే. దొర సంతోషంగా లేచి, మామకు రెండు చేతులూ జోడించి, నోరారా నవ్వాడు.

మామ నా వైపు తిరిగాడు. "పీనుగ మీద తవ్వుకోమంటే నవ్వుతాండాడేమప్పా?"

"అది... వాళ్ల దేశంలో అట్లే నవ్వుతారు మామా."

"మడిసేనా వాడు!" అంది అత్త.

ఆ సాయంత్రం నుంచి ఊళ్లో వేరే మాట లేదు. సుంకన్న గొర్రెల్ని వదిలేసి ఇల్లిల్లూ తిరిగాడు. "ఈ పొద్దు ఓబులేసు సేను, రేపు నీది, ఎల్లుండి నాది. మొలక మీద తవ్వతారంట! పీనుగ అంటే నవ్వినాడంట!" బేస్తవారం ఊరంతా చేలో నిలబడాలని తీర్మానమైంది. నాకు మాత్రం ఒక అనుమానం. గుండె మీద చెయ్యి పెట్టుకున్నవాడు అంత మాట అంటాడా? ఎక్కడో తేడా ఉందని మనసుకు తెలుస్తూనే ఉంది.

మరునాడు గుడారంలో దొరకు ఎలాగైనా చెప్పేయాలని వెళ్లాను. "మామకు కోపంగా ఉంది" అంటే సరిపోయేది. బడిలో చదివిన ఇంగ్లీషు చాలు దానికి. కానీ నాకు అప్పట్లో సులువైన మాటలంటే నామోషీ. "సర్, మై అంకుల్ ఈజ్ బిట్వీన్ ది డెవిల్ అండ్ ది డీప్ సీ" అన్నాను, ముందు నుయ్యి వెనక గొయ్యిలా ఉన్నాడని. దొర పకపకా నవ్వి, మనమంతా అంతే గదా అన్నాడు. ఆ తర్వాత ఆయనే, "నేను లుక్ ఔట్ చేయాల్సిందేమైనా ఉందా?" అని అడిగాడు. ఎల్! నాకు తెలిసిన మాట! జాగ్రత్త పడాల్సిందేమైనా ఉందా అంటున్నాడు. దేవుడు తలుపు తెరిచి, లోపలికి రమ్మని పిలిచినట్టే. నేనేమన్నానో తెలుసా?

"ఎవ్రీ క్లౌడ్ హాజ్ ఎ సిల్వర్ లైనింగ్, సర్." ప్రతి మబ్బుకూ వెండి అంచు ఉంటుందని.

ఇప్పుడు మీరు ఆ జాతీయాల పుస్తకాన్ని నా నెత్తిన వేసి కొట్టాలనుకుంటున్నారు కదూ? మీ వెనకే వరసలో మా ఊరుంది, తొందరపడకండి.

బేస్తవారం పొద్దున్నే జీపు బయల్దేరింది. వెనక మేకులు, తాళ్లు, సుత్తి, రెండు పారలు. మలుపు తిరిగేసరికి చేను కనిపించింది. అంటే చేను కనిపించలేదు, జనమే కనిపించారు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా మొగవాళ్లు, ఆడవాళ్లు, చంకల్లో పిల్లలు. మామ చేతిలో గడ్డపార. అత్త చేతిలో కొడవలి. సుంకన్న తన బలగంగా గొర్రెల మందను తోలుకొచ్చి గట్టు మీద నిలబెట్టాడు. ఎవరూ అరవడం లేదు.

దొర దూరంగానే జీపు ఆపించి నడుచుకుంటూ గట్టు దాకా వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. చేలోకి అడుగు పెట్టలేదు. జనాన్ని చూడలేదు, వాళ్ల కాళ్ల కిందికి చూశాడు. మొహంలో రంగు మారింది. రెండు చేతులూ ఊపుతూ గట్టిగా అరిచాడు. "గెట్ ఆఫ్! గెట్ ఆఫ్ ది ప్లాంట్స్!"

గెట్ ఆఫ్! జీ అక్షరం! నాకు కంఠతా వచ్చిన మాట! అన్ని రోజుల్లో మొదటిసారి, దొర నోట్లోంచి వచ్చిన మాట వచ్చినట్టే నాకు అర్థమైంది. నా ఆనందం పట్టలేక నేనూ అరిచాను.

"దిగమంటాండాడు! అందరినీ చేలోంచి దిగమంటాండాడు!"

అత్త కొడవలి పైకెత్తింది. "మా సేలో మమ్మల్నే దిగమంటాడా! యాడి నుంచి వచ్చినాడప్పా వీడు? ఎవరూ కదలొద్దండి! గట్టిగా కాళ్లూని నిలబడండి!"

జనం గట్టిగా కాళ్లూనారు. ఉన్నచోటే ఒకసారి ఎత్తి మళ్లీ ఊనారు. దూరంగా ఉన్నవాళ్లు దగ్గరికి జరిగారు. దొర ఇంకా గట్టిగా గెట్ ఆఫ్ అన్నాడు. నేను ఇంకా గట్టిగా దిగమన్నాను. వాళ్లు ఇంకా గట్టిగా తొక్కారు. నా జీవితంలో నేను తప్పులేకుండా తర్జుమా చేసిన ఒకే ఒక్క మాట ఇది, దాని ఫలితం ఇది.

మామ గడ్డపార భుజానికెత్తుకుని గట్టు వైపు నడవసాగాడు. నేరుగా దొర మీదికే. "మామా, వద్దు మామా" అంటున్నాను గానీ వినేవాళ్లు లేరు. జీపు డ్రైవరు భయపడి హారన్ మీద చెయ్యి నొక్కి పట్టాడు. ఆ మోతకు గొర్రెల మంద బెదిరి, గట్టు దిగి, చేనుకు అడ్డం పడి, అవతలి గట్టుకు పరిగెత్తింది. వాటి వెనక సుంకన్న పరిగెత్తాడు. సుంకన్న వెనక అతని కుక్క.

మామ దొర ఎదుట నిలబడ్డాడు. గడ్డపార ఇంకా భుజం మీదే ఉంది. దొర కదల్లేదు. మెల్లగా గట్టు అంచున మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి చాచి, నలిగిన మొలకనొకదాన్ని మట్టితో సహా తీశాడు. అరచేతిలో పెట్టుకుని మామకు చూపించాడు. కోపంతో కాదు. ఎవరింట్లోనో చావుకు పోయినప్పుడు ఎలా చూస్తామో, అలా చూశాడు.

మామ దాన్ని చూసి, వెనక్కి తిరిగి, తన కాళ్ల కిందికి చూసుకున్నాడు.

అప్పుడు నాకు సిగ్గూ భయమూ రెండూ పోయాయి. మిగిలింది ఏడుపొక్కటే. "సర్," అన్నాను, "పుట్ ఆఫ్ మీన్స్ వాట్?"

దొర నా వైపు తిరిగాడు. పసిపిల్లవాడికి చెప్పినట్టు ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు. "లేటర్. ఆఫ్టర్ పీనట్స్. నాట్ నౌ."

ఏ జాతీయమూ లేదు. ఏ పుస్తకమూ అక్కర్లేదు. మా ఊరి ఐదో తరగతి పిల్లకు కూడా అర్థమయ్యే ఇంగ్లీషు.

"ఏమంటాడు?" అన్నాడు మామ.

"చెనిక్కాయ పీకినంకనే తవ్వుతారంట మామా. అంతవరకు సేను ముట్టుకోరంట."

"ఆ మాట ఇప్పుడంటాండాడా?"

"లేదు మామా. ఆ పొద్దే అన్న్యాడు. బడికాడ."

ఊరంతా విన్నది. ఒక్కొక్కరూ తల దించుకుని కాళ్ల కింద చూసుకున్నారు. ఎవరో మెల్లగా ఒక కాలెత్తారు, కానీ ఎక్కడ దించాలో తెలియలేదు. పక్కవాళ్లూ ఎత్తారు. ఊరు ఊరంతా ఒంటికాలి మీద నిలబడింది, చెరువులో కొంగల్లాగా. కంచే చేను మేసిందని సామెత ఉంది గదా, మా ఊళ్లో కంచె మేయడానికి కూడా ఓపిక పట్టలేదు, తొక్కేసింది. చేలోకి అడుగు పెట్టనివాడు ఆ పొద్దు ఒక్కడే, ఆ పరాయి దేశంవాడు.

మామ గడ్డపార కింద పడేశాడు. చేను ఈ మూల నుంచి ఆ మూల దాకా చూశాడు. పచ్చటి సాలు ఒక్కటీ మిగల్లేదు.

"అల్లుడా," అన్నాడు. "ఇంగ పీకేదానికి ఏముండాదప్పా? ఆయప్పను ఈ పొద్దే తవ్వుకోమను."

ఒక నవ్వు వినిపించింది. తర్వాత ఏడుపు కూడా. రెండూ మా అత్తవే.

మొలక తిరిగి లేవదు గదా. దొర మనసున్న మనిషి కాబట్టి కొత్త విత్తనం తెప్పించి ఇచ్చాడు. రెండో వాన పడగానే విత్తాం. గొర్రు వెనక రోజంతా నడిచి గింజలు వదిలింది నేనే, అత్త వెనకనుంచి ప్రతి సాలుకూ ఒక తిట్టు వదిలింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం లోకంలో ఉన్నదే, అత్త పైరు అల్లుడు తొక్కించడం మాత్రం మా ఇంట్లోనే జరిగింది. పంట ఆలస్యమైంది, దిగుబడి తగ్గింది, కానీ ఇల్లు గడిచింది. పంట పీకాక తవ్వితే రాయి మట్టీ తప్ప ఏమీ పడలేదు.

ఇంకొక్క మాట మిగిలింది. ఆ బేస్తవారమే, జనం వెళ్లిపోయాక, గట్టు మీద దొర నా భుజం మీద చెయ్యి వేశాడు. ఎంతో బాధపడుతూ, నన్ను "లెట్ గో" చేయక తప్పడం లేదన్నాడు. ఎల్ అక్షరం. పుస్తకం మూయకముందే వచ్చేది. చక్కగా అర్థమైంది. పక్కనే కూర్చుని ఉన్న మామకు చెప్పాను.

"మామా, నన్ను పనిలోంచి తీసేసినారు."

మామ తలెత్తి నన్ను కిందికీ పైకీ చూశాడు. "ఆయప్పను అడిగి కనుక్కున్న్యావా," అన్నాడు, "లేకపోతే ఇది కూడా నీ అంతట నువ్వే అనుకుంటాండావా?"

అప్పుడు నేను తూర్పు వైపు తిరిగి, నలిగిన మట్టి గుప్పెట్లోకి తీసుకుని, భూమ్యాకాశాల సాక్షిగా ప్రమాణం చేశాను. అర్థంకాని మాటకు ఇక ఈ జన్మలో ఊఁ కొట్టను, యెస్ అనను, తల కూడా ఆడించను. సాక్షాత్తూ దేవుడే ఎదురుగా నిలబడి ఇంగ్లీషులో వరమిస్తానన్నా సరే, "అంటే ఏంటి సామీ?" అని ముందు అడుగుతాను. దండం ఆ తర్వాతే పెడతాను.